సిల్కు సెక్షన్‌లో కుర్చీ

ఎల్.బి.నగర్,
8 ఆగస్టు 2011

జ్యోతికకు,

మీ వదిన రాస్తున్న ఉత్తరం. ఇదేం కొత్త వేషం అని నవ్వుకుంటావని తెలుసు. ఫోన్‌లో మాట్లాడదామంటే మీ హాస్టల్ వార్డెనమ్మ సోమవారం సాయంత్రం తప్ప మీకు ఫోన్లివ్వదు. ఆ కాసేపూ అత్తమ్మ ఫోన్‌ను ఎవరి చేతికీ రానివ్వదు. పగలు చూద్దామా అంటే దుకాణంలో అడుగుపెట్టగానే నా ఫోన్ టైమ్ ఆఫీసు డబ్బాలో పడుతుంది. అందుకే మన స్టాకు వ్యాను డ్రైవర్ భిక్షపతిని పట్టుకున్నాను. వారానికోసారి మీ బ్రాంచికి చీరల మూటలు తెచ్చేది అతనే. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు.

ఇంట్లో పాపతో సహా అందరూ బాగున్నారు. మీ అన్న ఆటో హయత్‌నగర్‌కు పోతూ వస్తూ ఉంది. నువ్వు లేవని అత్తమ్మ కంచంలో చేయి పెట్టి కూర్చుంటుంది. నేను దిల్‌సుఖ్‌నగర్ నుంచి కాళ్ళీడ్చుకుంటూ వస్తే మాత్రం, ఎందుకింత ఆలస్యమైందని అడుగుతుంది.

అసలు సంగతి ఇది. లలితకుమారి మేడమ్ విజయవాడకు మార్పించుకుంది. వాళ్ళది అటువైపే కదా, ఇక్కడి గొడవల్లో పిల్లల చదువులు పాడవుతున్నాయని వాళ్ళాయన పోరు పెట్టాడట. వచ్చే వారం మీ బ్రాంచిలో చేరుతుంది. అంటే మన సిల్కు సెక్షన్‌లో స్తంభం పక్కన కుర్చీ ఖాళీ అయింది.

ఆ కుర్చీ విలువ నీకు వేరే చెప్పాలా? షట్టర్ లేచినప్పటి నుంచి దిగేదాకా ఆడపిల్లలెవరూ కూర్చోకూడదనే ఈ కంపెనీలో, ఫ్లోర్ మీద ఇన్‌చార్జికి మాత్రమే కుర్చీ. నేను చేరినప్పటి నుంచి దాన్ని చూస్తూనే నిలబడ్డాను. పాప కడుపులో ఉండగా ఏడో నెలలో కాళ్ళు వాచి, కాసేపు కూర్చుంటానని మేడమ్‌ను అడిగితే, నా మొహం చూడకుండా, "నిన్ను కూర్చోనిస్తే రేపు అందరూ అడుగుతారమ్మా" అంది. ఇప్పుడా కుర్చీ నాదేనని బిల్లింగ్ పిల్లలు కూడా అంటున్నారు. పట్టాభి సార్‌ను అడిగితే "చూద్దాం" అన్నాడు. మన మేనేజర్ నోట 'లేదు' అన్న మాట రాలేదంటే సగం అయినట్టే.

విజయవాడ పోకముందు ఇక్కడ నాలుగు రోజులు నా వెనక నిలబడి కుచ్చిళ్ళు పెట్టడం నేర్చుకున్నదానివి. మేడమ్ అక్కడికి రాగానే ఆమె కొంగు పట్టుకుని తిరగకు.

మీ వదిన,
విజయశ్రీ


విజయవాడ,
20 ఆగస్టు 2011

వదినకు దండాలు.

నీ ఉత్తరం భిక్షపతన్న ధర్మవరం చీరల మూటలో పెట్టి తెచ్చాడు. మూట విప్పింది నేనే కాబట్టి సరిపోయింది. ఇంకెవరైనా విప్పి ఉంటే మేడమ్ గురించి నువ్వు రాసిన మాటలు మేడమే చదివేది.

శ్రావణమాసం గిరాకీ ఇంకా తగ్గలేదు. నన్ను సిల్కులోనే వేశారు. కస్టమర్ చీర ఎంచుకోగానే నేను దాన్ని నా డ్రెస్ మీదే కట్టి, కొంగు వేసుకుని అద్దం ముందు తిరగాలి. కంచిపట్టు బరువు, పైన లైట్ల వేడి. ఒకావిడకు ఎనిమిది చీరలు కట్టి చూపిస్తే ఆమె చివరికి రుమాలు కూడా కొనకుండా లేచింది. కొనకుండా పోతే ఎందుకు పోయిందో మేనేజర్‌కు మనమే చెప్పుకోవాలనే రూలు ఇక్కడా ఉంది.

మేడమ్ వచ్చింది. నువ్వు చెప్పిన మేడమేనా ఈవిడ అనిపించింది. మధ్యాహ్నం తిన్నాక మమ్మల్ని ఇద్దరిద్దరిగా గోడౌన్‌లోకి పంపి మూటల మీద కూర్చోమంటుంది. మొదటిరోజే నన్ను పిలిచి, విజయశ్రీ ఆడపడుచువు కదూ, కుచ్చిళ్ళు అచ్చు ఆమె పెట్టినట్టే పెడతావు అంది. నాకు సంతోషమే వేసింది, కానీ అందరి ముందూ నీ పేరుతోనే నన్ను గుర్తుపట్టాలా? నేను ఊరు మారినా నీ నీడ వదలడం లేదు.

నాకోసం అమ్మ కంచంలో చేయి పెట్టి కూర్చుంటుందని రాశావు. సోమవారం సోమవారం మా అమ్మ నాతో ఏం మాట్లాడుతుందో తెలుసా? విజయకు మోకాళ్ళ నొప్పులు, విజయ ఈ పూట తినలేదు, విజయ పచ్చిపులుసు ఎంత బాగా చేసిందో. నేనిక్కడ పప్పుచారుతో నోరు చప్పబడి చస్తుంటే ఆ పచ్చిపులుసు సంగతి ఫోన్‌లో వినాలి. నా మంచం కూడా నీకే అయిందని ఆమే చెప్పింది. ఇక కుర్చీ కూడా వస్తే నీకు లోటేముంది?

హాస్టల్ పిల్లలు నేను నోరు తెరిస్తే నవ్వుతారు. 'గట్లనా' అని ఒకసారి అన్నందుకు నా పేరే గట్లనా అయింది.

నీ ఆడబిడ్డ,
జ్యోతిక


ఎల్.బి.నగర్,
24 సెప్టెంబర్ 2011

జ్యోతికా,

జవాబు ఆలస్యమైంది. పదమూడో తారీకు నుంచి సకల జనుల సమ్మె. బస్సులు డిపోల్లోంచి బయటికి రావడం లేదు. మీ అన్న పొద్దున ఆటోలో దింపుతున్నాడు కానీ, సాయంత్రం చైతన్యపురి దాటి కొత్తపేట పండ్ల మార్కెట్ మీదుగా ఇల్లు చేరేదాకా నడకే. భిక్షపతి వ్యాను కూడా హైవే మీద ఎక్కడ ఆపుతారో తెలియక ఇన్నాళ్ళూ కదల్లేదు.

నీ ఉత్తరంలో ఒక్క ముక్క నన్ను నిద్రపోనివ్వలేదు. మిమ్మల్ని కూర్చోనిస్తున్నదా ఆమె? ఏడో నెల కడుపుతో నిలబెట్టింది నన్ను. నిన్ను మాత్రం మూటల మీద కూర్చోబెట్టి ముద్దు చేస్తుందా? నేను ఆమె దగ్గర ఇన్నేళ్ళు చేసినా ఒక్క మంచిమాట దక్కలేదు. నీకు మొదటిరోజే దక్కింది. నాకు కడుపు మండింది. ఇందులో దాచేదేం లేదు.

దానికి తోడు నీ ఫోటో. అన్ని బ్రాంచీల్లో ఈ నెల స్టార్ అని నిన్ను మా నోటీసు బోర్డు మీద అంటించారు. నెమలికంఠం రంగు కంచిపట్టు కట్టుకుని ఉన్నావు. భోజనానికి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ దాని ముందు నుంచే పోవాలి. మీ ఆడబిడ్డే కదా అని అందరూ అడుగుతారు. అవును అని నవ్వి నవ్వి దవడలు నొప్పి పుట్టాయి. ఆ కుచ్చిళ్ళు నావని ఎవరికి చెప్పుకోను?

నా సంగతి కూడా విను. పట్టాభి సార్ నన్ను సిల్కు నుంచి తీసి తలుపు దగ్గరికి మార్చాడు. రోజూ ఎవరో ఒకరు జెండాలు పట్టుకుని వస్తున్నారు, షాపు బంద్ చేయమని. పోయినేడు ఇదే పట్టాభి సార్, కస్టమర్ల దగ్గర నీ యాస మాట్లాడకు అని అందరి ముందు నన్ను చిన్నబుచ్చాడు. ఇప్పుడేమో, "నువ్వు మాట్లాడమ్మా విజయశ్రీ, నీ భాష వింటే వాళ్ళు శాంతిస్తారు" అంటున్నాడు. మొత్తం దుకాణానికి ముందు నిలబెట్టాడంటే నా మీద ఎంత నమ్మకమో చూడు. కుర్చీకి ఇది ముందుమెట్టని నా నమ్మకం. నీ ఫోటో కన్నా నా మాట మీదే ఇప్పుడు షాపు నడుస్తోంది.

వదిన


విజయవాడ,
3 అక్టోబర్ 2011

వదినకు,

నువ్వు చాలా పెద్దదానివైపోయావు, అభినందనలు. ఇక్కడ తలుపు దగ్గర ఉండే అమ్మాయంటే మేనేజర్ తరవాత మేనేజర్. ఆమెకు కుర్చీ, బల్ల, పక్కన ఫ్యాను, బల్ల మీద పూలు. కస్టమర్లకు నమస్తే పెట్టి సెక్షన్ చెప్పి పంపడం తప్ప వేరే పని లేదు. అటువంటి చోట కూర్చుని, కుర్చీ ఇంకా రాలేదని నాకు రాస్తావేం? నీకు రెండు కుర్చీలు కావాలా?

మూటల మీద కూర్చోవడం చూసి ఏడవకు. ఈ వీధిలో చీరల షాపులు ఆనుకుని ఆనుకుని ఉన్నాయి. కాళ్ళు నొప్పి పుట్టిన పిల్ల పక్క షాపులోకి పోయి చేరుతుంది. శ్రావణంలో అట్లా నలుగురు పోయారు. అందుకని కూర్చోనిస్తున్నారు, మేడమ్‌కు నా మీద ప్రేమ పుట్టి కాదు.

ఆ ఫోటోలో స్టార్ ఇక్కడ ఎట్లా ఉందో కూడా చెప్తాను. సమ్మె మొదలయ్యాక ఒకరోజు ఒక పెద్దావిడకు చీర కడుతూ, గీ అంచు మీకు మంచిగుంటదమ్మా అన్నాను. ఆమె కొంగు నా భుజం మీంచి లాగేసి, మా అబ్బాయి హైదరాబాదులో ఇరుక్కుపోయాడు మీ వాళ్ళ వల్ల, వేరే అమ్మాయిని పిలవండి అంది. మేడమ్ నన్ను లోపలికి తీసుకుపోయి నీళ్ళిచ్చింది. తరవాత, "నువ్వు నోరు తెరవకు జ్యోతికా, కట్టుకుని నిలబడు చాలు" అంది. అప్పటి నుంచి నేను మాట్లాడటం లేదు. పక్కన ఒకమ్మాయి నా బదులు ధర చెప్తుంది. అద్దంలో చూసుకుంటే నాకూ గాజు వెనక బొమ్మకూ తేడా కనబడదు. నువ్వు అక్కడ మాట్లాడి గెలుస్తున్నానని రాస్తే నాకెట్లా ఉంటుందో ఆలోచించావా?

రేపో ఎల్లుండో సద్దుల బతుకమ్మ. నువ్వూ అమ్మా తంగేడు పూలు తెచ్చుకుని సరూర్‌నగర్ చెరువుకు పోతారు. నన్ను తలుచుకోకపోయినా ఫరవాలేదు.

ఇంకొక మాట. నిన్న పట్టాభి సార్ మేడమ్‌కు ఫోన్ చేసి, అక్కడి సిల్కు సెక్షన్ ఎవరికిద్దామని అడిగాడు. మేడమ్ ఒక పేరు చెప్పింది. ఎవరిదని అడిగితే నవ్వి ఊరుకుంది. ఇంకెవరిదవుతుంది, నీదే. స్వీట్లు భిక్షపతన్నతో పంపు.

జ్యోతిక


ఎల్.బి.నగర్,
13 అక్టోబర్ 2011

జ్యోతిక గారికి,

ఇకనుంచి గారు పెట్టాలి కదా.

స్వీట్లు పంపమన్నావు. ఆ మాట రాసేటప్పుడు నీ పెదాల మీద నవ్వు నాకిప్పుడు కనబడుతోంది. ఎవరి పేరు చెప్పిందో నీకు తెలియదా? నవ్వి ఊరుకుందా ఆమె?

మొదటి నుంచి చెప్తాను. పదో తారీకున సమ్మెవాళ్ళు గుంపుగా వచ్చారు. ఇంతకుముందు వచ్చినట్టు పదిమంది కాదు, రోడ్డు నిండా. ఒకడి చేతిలో రాయి కూడా ఉంది. పట్టాభి సార్ బిల్లింగ్ వెనక్కి పోయాడు. నేను సగం దించిన షట్టర్ ముందు ఒక్కదాన్నే. ముందున్నవాడి మాట వింటే మన నల్గొండవైపు వాడిలాగే ఉన్నాడు. "అన్నా, దుకాణం పలగ్గొడ్తె సేటుకేం గాదు. లోపల నిలవడ్డోళ్ళంత మన ఆడివిల్లలే, ఆళ్ళ జీతం కోస్తరు. నేను గూడ జై తెలంగాణ అనేదాన్నే. షట్టర్ ఏస్కుంట, జర పోన్రి" అన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, నువ్వు మేనేజర్‌వా అక్కా అని అడిగాడు. నేను కాదనలేదు. వాళ్ళు పక్క సందులోకి తిరిగిపోయారు.

లోపలికి వస్తే పిల్లలంతా నా చేతులు పట్టుకున్నారు. పట్టాభి సార్ నాకోసం టీ తెప్పించాడు. ఇక నా కుర్చీ ఎక్కడికీ పోదనుకున్నాను.

ఇవాళ పొద్దున షట్టర్ ఎత్తేముందు అందరినీ వరసగా నిలబెట్టి చెప్పాడు. దీపావళి తరవాత జ్యోతిక విజయవాడ నుంచి వచ్చి సిల్కు సెక్షన్, తలుపు రెండూ చూసుకుంటుందట. లలితకుమారిగారు ఆమె పేరే చెప్పారట. అందరూ నీ ఫోటో వైపు చూసి తరవాత నా వైపు చూశారు. భూమిలోకి పోతే బాగుండుననిపించింది.

ఇంట్లో ఆడబిడ్డవు కాబట్టి నీకు చెప్పులు కూడా నేనే అందించాను, అది మర్యాద. దుకాణంలోనైనా నేను నీకన్నా ముందున్నాను అనుకునేదాన్ని. అక్కడ కూడా నా నెత్తిన ఎక్కాలా? నిన్ను ఈ ఉద్యోగంలో పెట్టించింది నేను. చీర మడత విప్పడం నేర్పింది నేను. ఆమె పక్కన చేరి, తల వంచుకుని, నోరు తెరవకుండా కుర్చీ సంపాదించావు. నోరున్న నేను కుర్చీ అన్నదే లేని తలుపు దగ్గర, ఎండలో నిలబడి మిగిలాను.

అత్తమ్మ సంబరంతో పరమాన్నం వండింది. నాకూ ఒక గిన్నె పెట్టింది.

విజయశ్రీ


విజయవాడ,
17 అక్టోబర్ 2011

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గారు అన్నావు చూడు, అక్కడే ఏడుపు వచ్చింది. తరవాత కోపం వచ్చింది. రెండూ కలిపే రాస్తున్నాను.

తలుపు దగ్గర నీకు కుర్చీ లేదని నాకెట్లా తెలుస్తుంది? నమ్మకం, ముందుమెట్టు అని గొప్పలు రాశావే గాని, పొద్దంతా ఎండలో నిలబడుతున్నానని అప్పుడే ఒక్క ముక్క రాశావా? నేను నిజంగానే నువ్వు కూర్చున్నావనుకుని కుళ్ళుకున్నాను.

నీ ఉత్తరం పట్టుకుని మేడమ్ దగ్గరికి పోయి అడిగేశాను. ఆ రోజు ఫోన్‌లో ఆమె చెప్పిన పేరు నీదే. పట్టాభి సార్ సరే అన్నాడు కూడా. నువ్వు గుంపును వెనక్కి పంపిన మర్నాడే మళ్ళీ ఫోన్ చేసి, "విజయశ్రీని తలుపు దగ్గర నుంచి కదపలేనండీ. ఈ గొడవలు తేలేదాకా అక్కడ ఆమే ఉండాలి. ఇంకెవరినైనా చెప్పండి" అన్నాడట. అంత బాగా మాట్లాడకపోయి ఉంటే నీకు కుర్చీ వచ్చేది వదినా.

అప్పుడు మేడమ్ నా పేరు చెప్పింది. ఎందుకంటే అంతకుముందే నేను ఆమె కాళ్ళు పట్టుకున్నాను. ఊడ్చే పనైనా సరే, హైదరాబాదు పంపమని అడిగాను. మాట్లాడకుండా ఇంకొక నెల నిలబడితే నాకు పిచ్చెక్కేది. ఉన్న ఖాళీ అదొక్కటే అంది.

మంచిదాన్నని అనిపించుకోవాలని రాయడం లేదు. నా పేరని తెలిసినప్పుడు ముందు సంతోషించాను. నా కింద నువ్వు పనిచేయాలని తలుచుకుంటే ఇంకా సంతోషం వేసింది. ఇన్నాళ్ళు విజయశ్రీ ఆడబిడ్డ అనిపించుకున్నాను, ఇక నిన్ను జ్యోతిక వదిన అంటారు కదా అనుకున్నాను. రాత్రి పడుకున్నాక మాత్రం, నీ ముందు నేనెట్లా కూర్చోవాలి అని భయం పట్టుకుంది.

వద్దంటే రాను. హాస్టల్‌లోనే ఉంటాను. ఒక్క మాట రాయి.

జ్యోతిక


దిల్‌సుఖ్‌నగర్,
22 అక్టోబర్ 2011

జ్యోతికా,

ఇది దుకాణం తలుపు దగ్గర నుంచి రాస్తున్నాను. పట్టపగలు, గిరాకీ లేదు.

నీ ఉత్తరం నిన్న అందింది. నా పేరే చెప్పిందన్న మాట దగ్గర ఆగిపోయాను. అంటే తొమ్మిది రోజులు ఆ కుర్చీ నాదే, నాకు తెలియకుండా. ఆ రోజు ఆ గుంపు ముందు నోరు మూసుకుని లోపలికి పరిగెత్తి ఉంటే ఎట్లుండేదో అని రాత్రంతా అనుకున్నాను. పరిగెత్తేదాన్ని కాదులే.

ఇక్కడ ఇంకొకటి జరిగింది. గుంపు వచ్చిందని, నేను పోయిన ఉత్తరం రాసిన మర్నాటి నుంచి మన షాపుకు కానిస్టేబుల్ కాపలా పెట్టారు. పేరు లచ్చయ్య, పెద్దాయన. మొదటిరోజే కుర్చీ కావాలన్నాడు. పట్టాభి సార్ వెంటనే సిల్కు సెక్షన్ కుర్చీ తెప్పించి తలుపు పక్కన వేయించాడు. నేను నిలబడి ఉన్నాను, నా పక్కనే ఆ కుర్చీ, దాంట్లో లచ్చయ్య. మరి మా జ్యోతికకు వేరే కుర్చీ ఎప్పుడొస్తుంది సార్ అని అడిగాను. ఇకనుంచి ఇన్‌చార్జీలు కూడా నిలబడే చేయాలని హెడ్డాఫీసు ఆర్డరట.

నీకు కుర్చీ లేదని వినగానే నా గుండె చల్లబడింది. ఆ రోజంతా హుషారుగా ఉన్నాను, మీ అన్నతో నవ్వుతూ మాట్లాడాను. తెల్లారి బోర్డు మీద నీ ఫోటో చూస్తే ఆ హుషారు పోయింది. నువ్వు నిలబడితే నాకు ఒరిగేదేముందో ఎంత ఆలోచించినా తేలలేదు.

ఇవాళ మధ్యాహ్నం లచ్చయ్య టీకని ఎదురు హోటల్‌కు పోయాడు. నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. ముందు అనుకుని చేసిన పని కాదు, మోకాళ్ళు వంగాయి, కూర్చున్నాను. బిల్లింగ్ పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తున్నారు. ఎవరో కెమెరాలో చూసి చెప్పినట్టున్నారు, పట్టాభి సార్ కిందికి దిగి వచ్చాడు. విజయశ్రీ, లే అన్నాడు. కస్టమర్లు చూస్తే ఏమనుకుంటారన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన చెప్పిన మాట వినకుండా ఉన్నది ఇదే మొదలు.

"తలుపు మా ఇన్‌చార్జి కింద ఉన్నదన్నరు గద సార్. మా జ్యోతిక ఒచ్చి చెప్తే లేస్తా" అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. ఇదివరకైతే గేటు బయటికి పొమ్మనేవాడు. రోడ్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు, పైకి పోయాడు. నిన్ను తొందరగా పంపమని విజయవాడకు ఫోన్ చేస్తున్నాడని ఇప్పుడే ఒక పిల్ల వచ్చి చెప్పింది. ఈ ఉత్తరం కన్నా ఆ కబురే నీకు ముందు అందుతుంది. వదిన మీద రిపోర్టు రాయమంటాడు. రాస్తే నీ ఉద్యోగం నిలబడుతుంది. రాయకపోతే మనిద్దరినీ కలిపి పంపిస్తాడేమో. నాకు తెలుసు, తెలిసే అన్నాను.

వద్దంటే రానని, ఆ ఒక్క మాట రాయమన్నావు. రాయను. నువ్వు నా మీద ఇన్‌చార్జివి అయ్యావంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది, రేపు కూడా మండుతుంది. కానీ నన్ను లేపే హక్కు ఈ కంపెనీలో ఎవరికైనా ఉండాలంటే అది నీకే ఉండాలి, ఇంకెవరు లే అన్నా నేను లేవను. నువ్వొచ్చి నా ఎదురుగా నిలబడి, నోరు తెరిచి, నీకు ఏమనిపిస్తే అది మన మాటలోనే చెప్పు.

లచ్చయ్య టీ తాగి వచ్చాడు. లేవబోతే, "కూసో బిడ్డా" అని షట్టర్‌కు ఆనుకుని నిలబడ్డాడు. నేను కూర్చునే ఉన్నాను.

మీ వదిన,
విజయశ్రీ